కుట్టు కనిపించే రాక్షసుడు

మోసపోవటంలో రెండు రకాలున్నాయి. మనకి తెలియకుండా మోసపోవటం ఒకటి. తెలిసి తెలిసి, డబ్బిచ్చి మరీ మోసపోవటం రెండోది. మొదటి రకానికి పోలీసు స్టేషన్లూ కోర్టులూ ఉన్నాయి. రెండో రకానికి సినిమా హాళ్ళున్నాయి. మొదటి రకం మోసం చేసినవాణ్ణి జైల్లో పెడతాం. రెండో రకం చేసినవాడికి దండ వేసి, శాలువా కప్పి, బిరుదిచ్చి పంపిస్తాం. ఈ తేడా ఎందుకొచ్చిందో తేల్చి చెప్పమంటే పండితులు గూడా కొంచెం తడుముకుంటారు. నేను పండితుణ్ణి కాను. విశాఖపట్నం రేవులో ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు టాలీ గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఓడలోంచి ఎన్ని బస్తాలు దిగాయి, ఓడలోకి ఎన్ని ఎక్కాయి అని లెక్కపెట్టి రాసుకోవటం నా ఉద్యోగం. అంటే ఎవరి మాటా నమ్మకుండా ఉండటానికి జీతం పుచ్చుకున్నవాణ్ణన్నమాట. అటువంటివాడికి ఈ ప్రశ్న ఎక్కడో వేదాంత గ్రంథంలో ఎదురుపడలేదు. జపాన్‌వాళ్ళు చవగ్గా తీసిన రాక్షస సినిమాల్లో ఎదురుపడింది.

ఆ సినిమాలు మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారి కోసం కథ చెబుతాను. ఒకటి చెబితే అన్నీ చెప్పినట్టే. సముద్రంలో నీళ్ళు సుడి తిరుగుతాయి. అందులోంచి ఒక జంతువు లేస్తుంది. తాటిచెట్టు దాని నడుముకి రాదు. చర్మం చూస్తే ఎండిపోయిన చెరువులో బీటలు. తోక చూస్తే మొసలి. నడక చూస్తే మోకాళ్ళ నొప్పులతో సంతకి బయల్దేరిన పెద్దమనిషి. అది ఊళ్ళోకి వస్తుంది. జనం వెనక్కి చూసుకుంటూ పరిగెడతారు. వెనక్కి చూడకుండా పరిగెత్తితే త్వరగా తప్పించుకోవచ్చు గదా అని మనకి తోస్తుంది గాని వాళ్ళకి తోచదు. మిలటరీ వస్తుంది. టాంకులు వస్తాయి. అవి తిరనాళ్ళలో కొన్న బొమ్మల్లా ఉంటాయి. గుండ్లు తగిలితే రాక్షసుడికి చక్కిలిగిలి పెట్టినట్టుంటుంది. ఈలోగా మరో రాక్షసుడు దిగుతాడు. ఇద్దరూ కుస్తీ పడతారు. అట్ట మేడలు కూలుతాయి. ఒకడు ఓడిపోతాడు. గెలిచినవాడు సముద్రంలోకి నడిచి వెళ్ళిపోతాడు. మనం ఇంటికి వెళ్ళిపోతాం.

ఇందులో దాపరికమేమీ లేదు. గాడ్జిల్లా మోకాలు మడిస్తే రబ్బరు తోలు ముడతలు పడుతుంది. ఎగిరే జంతువు ఎగురుతుంటే పైనున్న తీగ దీపాల వెలుగులో తళుక్కుమంటుంది. 1965లో పుట్టిన గమేరా అనే తాబేలు ఒకటి ఉంది. దానికి ఎగరాలని బుద్ధి పుడితే కాళ్ళూ చేతులూ డిప్పలోకి లాక్కుని, ఆ కన్నాల్లోంచి నిప్పులు చిమ్ముకుంటూ, దీపావళి భూచక్రంలా గిర్రున తిరుగుతూ ఆకాశంలోకి పోతుంది. డబ్బు చాలకపోతే పాత సినిమాలో తగలబెట్టిన ఊరినే కొత్త సినిమాలో మళ్ళీ తగలబెట్టేవారు. 1980లో వచ్చిన గమేరా సినిమా అయితే చాలావరకు పాత సినిమాల ముక్కలతో కుట్టిన బొంతే. మన ఇళ్ళల్లో పాత చీరలతో బొంతలు కుట్టుకోమూ? అదీ అంతే.

1970ల్లో మా ఊళ్ళో ఆదివారం పొద్దుటి ఆటకి ఇటువంటివి అప్పుడప్పుడు వేసేవారు. పోస్టరు మీద ఒక రాక్షసుడుండేవాడు, తెర మీద మరొకడు వచ్చేవాడు. ఎవరూ తగువు పెట్టుకునేవారు కాదు. ఎవరో ఒకరు వస్తే చాలు. నేల టిక్కెట్టులో కళాసీలూ, జాలరి కుర్రాళ్ళూ, వెనక బెంచీల్లో కాలేజీ పిల్లలూ. ఇంగ్లీషు మాటలు అర్థం కానివాళ్ళకి గూడా కథ అర్థమయ్యేది, ఎందుకంటే రాక్షసుడికి ఇంగ్లీషు రాదు.

ఒకసారి నా ముందు వరసలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఏటిరా, ఆడి ఈపు మీద ఆ గీత?"

"జిప్పురా. లోన మనిసున్నాడు."

"ఉంటే ఉన్నాడు గాని, సూడు, ఎలగ నడుస్తన్నాడో!"

ఈ మూడు మాటల్లో ఎంత శాస్త్రముందో చూడండి. మోసం బయటపడింది. బయటపడ్డ తర్వాత ఆనందం రెట్టింపయింది. కాసేపటికి తెర మీద ఒక రేవు వచ్చింది. ఒక క్రేను పెద్ద ఓడని ఎత్తబోయింది. అంతవరకూ కిక్కురుమనకుండా అన్నీ ఒప్పుకున్న ఆ పెద్దమనిషే లేచి నిలబడ్డాడు. "సాల్లేరా! ఆ క్రేను అంత బరువెత్తదు. జిబ్బు ఇరిగిపోద్ది!" హాలంతా గొల్లుమంది. నిలువెత్తు కొండలాంటి బల్లి సముద్రంలోంచి లేచిందంటే అభ్యంతరం లేదు. క్రేను లెక్క తప్పితే మాత్రం ఒప్పుకోడు! ఆలోచిస్తే అందులో అన్యాయమేమీ లేదు. రాక్షసుడి సంగతి దర్శకుడికి తెలుసు గనక అతనికి వదిలేశాడు. క్రేను సంగతి తనకి తెలుసు గనక తను వదలలేదు. నమ్మటానికీ ఒక నియమముందని, అది మూర్ఖత్వం కాదని నాకు తోచింది ఆ వేళే.

జపాన్ మా ఊరివాళ్ళకి మరీ పరాయి దేశమేమీ కాదు. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుపరాయిని జపాన్ ఉక్కు మిల్లులకి పంపించటం కోసమే 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, అనంతగిరి కొండల్ని తొలుచుకుంటూ, రైలుమార్గం వేశారు. దానికి జపాన్ సహాయం గూడా ఉంది. ఆ రాయి మోసుకెళ్ళే పెద్ద ఓడల కోసమే 1976లో మా బయటి హార్బరు తయారైంది. అందుకని గాడ్జిల్లా తెర మీద కరెంటు స్తంభాలు విరిచేస్తుంటే హాల్లో ఎవరో ఒకరు "అది మన ఇనుమేరా!" అని అరిచేవారు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వులో కొంత గర్వం గూడా ఉండేదనుకుంటాను. ఎక్కడో టోకియోలో రాక్షసుడు విరిచినా, విరిగింది మన సరుకు గదా!

మొన్న సెలవలకి వచ్చిన మా మనవడికి ఇదంతా చెప్పి, అటువంటి సినిమా ఒకటి వాడి కంప్యూటరులోనే పెట్టించాను. పది నిమిషాలు చూశాడు. "తాతయ్యా, ఇది ఫేకు. వైరు కనిపిస్తోంది. లోపల ఎవరో అంకులున్నాడు" అన్నాడు.

"ఉన్నాడురా. ఆయన పేరు గూడా చెబుతాను" అన్నాను.

"తెలిసి గూడా ఎందుకు చూస్తున్నావు మరి?"

వాడు అడిగింది చిన్న ప్రశ్న కాదు. ముందు ఆ లోపలి పెద్దమనిషి సంగతి చెబుతాను.

ఆయన పేరు హరువో నకజిమా. 1954లో టోహో కంపెనీవారు మొదటి గాడ్జిల్లా తీసినప్పుడు దాని లోపల దూరినవాడు. ఇషిరో హోండా దర్శకుడు. మాయలన్నీ ఎయిజి సుబురాయా అనే ఆయనవి. 1933 నాటి అమెరికా సినిమా కింగ్‌కాంగ్‌లో చేసినట్టు, బొమ్మని వెంట్రుకవాసి కదుపుతూ ఒక్కొక్క ఫోటో తీసుకుంటూ పోవాలని సుబురాయా కోరిక. అలా చేస్తే ఏళ్ళు పడుతుంది. అంత వ్యవధి లేదు. అందుకని తీగలూ వెదురుబద్దలూ రబ్బరూ కలిపి ఒక తోలు తయారు చేసి, మనిషికి తొడిగారు. దాని బరువు సుమారు 100 కిలోలు. అంటే ఒక బియ్యం బస్తా వీపు మీద వేసుకుని, మండే దీపాల కింద, రబ్బరు గోతాంలో దూరి, విలాసంగా నడవాలి. ఒక్కొక్కసారి ఆ తోలులోంచి చెమట పిండి గ్లాసులోకి వంచేవారట. అయినా ఆ మహానుభావుడు ఊరికే నడవలేదు. టోకియోలో ఉయెనో జంతుప్రదర్శనశాలకి వెళ్ళి, ఏనుగులూ ఎలుగుబంట్లూ ఎలా అడుగేస్తాయో చూసి వచ్చి నడిచాడు. ఊరు అసలులో 25వ వంతు కొలతకి కట్టారు. కెమేరాని వేగంగా తిప్పి తీశారు. తెర మీద వేసేసరికి ఆ నడక నిదానించి, కొండంత బరువు వచ్చింది. ఇక అరుపు! సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబె పెద్ద బాస్ వాయిద్యం తీగల మీద, జిగురు రాసిన తోలు గ్లవుజుతో పరపరా రుద్దితే వచ్చిన ధ్వని అది. నకజిమా 1972 వరకూ 12 సినిమాల్లో ఆ తోలు మోశాడు. 2017లో పోయాడు.

ఇది తెలిశాక నాకు ఆ జిప్పు మీద గౌరవం కలిగింది. పట్టుచీర కట్టుకున్నవాళ్ళని చూసినప్పుడు మగ్గం గుంటలో కూర్చున్నవాడు మనకి గుర్తురాడు. ఇక్కడ చెమట పోసినవాడు గుర్తొస్తూనే ఉంటాడు. రాక్షసుడు తూలితే, అది రాక్షసుడి తూలుడో, లోపలి మనిషికి ఊపిరాడక వచ్చిన తూలుడో చెప్పలేం. అందుకే కాబోలు, ఊళ్ళు తగలబెట్టేవాడి మీద గూడా మనకి జాలి కలుగుతుంది.

మనకి ఇది కొత్త విద్యేమీ కాదు. తోలుబొమ్మలాటలో హనుమంతుడి నడుముకి కర్ర ఉందని తెలియనివాళ్ళెవరు? ఆ కర్ర నీడ తెర మీద పడుతూనే ఉంటుంది; లంక తగలబడుతూనే ఉంటుంది. కూచిపూడి భాగవతులు ఇద్దరు మనుషుల చేత గుడ్డ పట్టిస్తే అదే తెర. సినిమా వచ్చాక 1957లో 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లే కెమేరా పుణ్యమా అని ఘటోత్కచుడు పళ్ళేల కొద్దీ లడ్డూలు తిన్నాడు. ఆ తర్వాత విఠలాచార్యగారు. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగువాళ్ళకి 'జానపద బ్రహ్మ' అయ్యారు. 1978లో వచ్చిన ఆయన 'జగన్మోహిని'లో దయ్యం పొయ్యిలో కట్టెల బదులు తన కాళ్ళు పెట్టుకుని వంట చేస్తుంది. ఆయన హీరో కాల్షీట్లు ఇవ్వకపోతే శాపం పెట్టి చిలకగానో మేకగానో మార్చేసి, మిగతా కథ దానితోనే నడిపించేవారని సినిమావాళ్ళు సరదాగా చెప్పుకుంటారు. నిజమెంతో గాని, చూసేవాళ్ళకి ఇబ్బంది మాత్రం కలగలేదు. మేక నటించినా కన్నీళ్ళు పెట్టుకున్నాం. డబ్బు తక్కువైన చోట మన మనసుకి పని ఎక్కువ దొరుకుతుంది. విస్తట్లో అన్నీ వడ్డించేస్తే తినటమే మిగులుతుంది. పప్పూ అన్నం పెట్టి ఆవకాయ జాడీ ముందుంచితే మనమే కలుపుకోవాలి. ఆ కలుపుకోవటంలోనే సగం రుచి.

మన వేదాంతంలో తాడూ పామూ ఉదాహరణ ఉంది గదా. చీకట్లో తాడుని చూసి పామనుకుంటాం. దీపం తెస్తే తాడని తెలుస్తుంది. పాము పోతుంది, భయమూ పోతుంది. జ్ఞానం వస్తే భ్రాంతి ఉండదని తాత్పర్యం. మా మనవడి వాదం అదే. వైరు కనిపించింది గనక రాక్షసుడు పోవాలి. కాని ఈ సినిమాల్లో జరిగేది వేరు. దీపం ముందే వెలుగుతోంది. తాడు మొదటినుంచీ కనిపిస్తోంది. పాము గూడా పడగ విప్పి ఆడుతూనే ఉంది. రెండూ కలిసి కాపురం చేస్తున్నాయి. అంటే మనిషి మనసుకి నిజం, భ్రాంతి అని రెండే గదులు కాకుండా, మధ్యలో ఒక వసారా గూడా ఉందన్నమాట. అందులో కూర్చుని నిజాన్నీ భ్రాంతినీ పక్కపక్కన చూసుకోవచ్చు. పిల్లలు పొద్దస్తమానం ఆ వసారాలోనే ఉంటారు. కర్రని గుర్రం చేసి ఎక్కినవాడు దానికి గడ్డి వెయ్యమని అమ్మని అడుగుతాడు. వేస్తే తినదని వాడికి తెలుసు.

అయితే ఇదంతా ఉత్త ఆటేనా అంటే, కాదు. ఇక్కడ కొంచెం బరువైన సంగతి చెప్పాలి.

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలో బికినీ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. అది హిరోషిమా బాంబుకి సుమారు వెయ్యిరెట్లు. దూరంగా జపాన్ పడవ ఒకటి చేపలు పడుతోంది. అందులో 23 మంది ఉన్నారు. వాళ్ళ మీద తెల్లటి బూడిద రాలింది. వాళ్ళకి అదేమిటో తెలియదు. ఒడ్డుకి చేరేలోపే జబ్బుపడ్డారు. రేడియో ఆపరేటరు సెప్టెంబరు 23న చనిపోయాడు. జపాన్ చేపల బజార్లలో జనం చేప కొనటానికి భయపడ్డారు. ఆ యేడే నవంబరు 3న గాడ్జిల్లా విడుదలైంది. అందులో మొదటి దృశ్యమేమిటో తెలుసునా? సముద్రం మీద ఒక పడవ. ఒక మెరుపు. పడవ లేదు. ఆ యేడు సుమారు 96 లక్షల మంది ఆ సినిమా చూశారు. వాళ్ళెవరికీ ఆ పడవ ఏదో ఎవరూ చెప్పక్కరలేదు. దర్శకుడు హోండా సైనికుడుగా చైనాలో ఉండి, 1946లో ఇంటికి తిరిగి వస్తూ దారిలో హిరోషిమాని చూసినవాడు. ఆ సినిమాలో కూలుతున్న ఊళ్ళో ఒక తల్లి పిల్లల్ని పొదివి పట్టుకుని, తొందర్లోనే చనిపోయిన తండ్రి దగ్గరికి వెళ్ళిపోతామని చెబుతుంది. అక్కడ హాల్లో నవ్వేవాడుండడు. రబ్బరుదని తెలిసిన కాలి కింద అసలైన దుఃఖం నలుగుతుంది.

ఈ కథకి మా ఊరివైపు నుంచి మరో ముఖముంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. సముద్రం మీద నిలిపిన ఓడ మీంచి లేచి వచ్చాయవి. మా మామ్మ చెబుతుండేది: "ఊరు ఊరంతా మూటలు కట్టేసింది బాబూ. బళ్ళు దొరక్క నడిచి పోయారు. పొయ్యిలో నిప్పు ఆర్పారో లేదో గూడా చూసుకోలేదు." సముద్రంలోంచి లేచి ఊరి మీద పడ్డ ఆ రాక్షసుడికి మా ఊళ్ళో ఎవరూ తోలు కుట్టలేదు. ఆ దాడి నాటి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది, వెళ్ళి చూడవచ్చు. చూస్తే ఏమీ అనిపించదు. ఓ ఇనుప పీపాలా ఉంటుంది. అసలైన భయానికి రూపం అంత తక్కువ.

నేను చెప్పదలుచుకున్నదానికి ఇక్కడే మొదలుంది. మనిషిని చంపేవి చాలావరకు చూడటానికి ఏమీ ఉండవు. పడవ మీద రాలినది బూడిద. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి మీద గంటకి 180 కిలోమీటర్ల దాకా విరుచుకుపడ్డప్పుడు తలుపు సందులోంచి చూసినవాళ్ళకి కనిపించింది వానా, వంగిన చెట్లూనే. గాలికి మొహం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మి పదిమందికి పైగా పోయారు. నిద్రలో ఉన్నవాళ్ళ మీదికి అది అడుగుల చప్పుడు చేసుకుంటూ రాలేదు. అరవలేదు. అది వస్తోందని వెనక్కి తిరిగి చూసుకుంటూ పరిగెత్తే అవకాశం కూడా ఇవ్వలేదు. రబ్బరు రాక్షసుడికున్న మర్యాద దానికి లేదు.

1971లో జపాన్‌వాళ్ళు హెడొరా అని ఒక రాక్షసుణ్ణి చేశారు. కార్ఖానాల మురికీ రేవు బురదా తిని పెరిగే ముద్ద అది. పొగగొట్టాల దగ్గర నిలబడి, హుక్కా పీల్చినట్టు, పొగ పీలుస్తుంది. చూస్తే నవ్వొస్తుంది. పొగగొట్టాల నీడలో బతికే ఏ ఊరివాడికైనా నవ్వయ్యాక ఓ క్షణం గొంతు పట్టేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ముతో ఎవడూ కుస్తీ పట్టలేడు. దానికి రెండు కళ్ళూ నోరూ పెడితే కనీసం తిట్టవచ్చు. రూపం లేని భయం మనిషిని లోపల్నుంచి తింటుంది. రూపం ఇచ్చిన భయాన్ని ఎదురుగా నిలబెట్టి, ఎత్తు కొలిచి, పేరు పెట్టి, పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని చూడవచ్చు. మన గ్రామదేవతల కథలూ, మశూచికి అమ్మవారని పేరు పెట్టుకోవటమూ ఇటువంటి పనే గదా.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. న్యాయమైనదే. "వేలమంది చచ్చిన సంగతిని తీసుకుని పిల్లల బొమ్మ చెయ్యటం తప్పు కాదా?" అని. నిజమే, మొదటి సినిమాలో ఏడిపించిన గాడ్జిల్లా 1965 నాటికి విజయం సాధించి తెర మీద గెంతులేశాడు. 1970లు వచ్చేసరికి పిల్లల నేస్తమైపోయాడు. అట్ట మేడలు కూలుతుంటాయి గాని అందులో మనుషులున్నట్టే కనిపించరు. అక్కడ కొంత పోయింది, ఒప్పుకోవలసిందే. చచ్చినవాళ్ళు లేని శిథిలం ఒట్టి అట్టే. కాని మరోవైపు చూడండి. బాంబు చూసిన తండ్రి కొడుక్కి ఆ రోజు సంగతి ఎలా చెప్పాలి? ఉన్నదున్నట్టు చెబితే పిల్లవాడు నిద్రపోడు. అసలు చెప్పకపోతే మరిచిపోతాడు. ఈ రెంటికీ మధ్య రబ్బరు తోలు తొడిగి చెప్పారు. పిల్లవాడు నవ్వుకుంటూ పెరుగుతాడు. ఇరవయ్యేళ్ళు వచ్చాక, ఆ పడవ ఏమిటని ఒకరోజు అడుగుతాడు. అప్పుడు చెప్పవచ్చు. మా మామ్మ 1942 సంగతి చెప్పేటప్పుడు గూడా ముందు పారిపోయిన మేకని గురించి చెప్పి నవ్వించేది. మిగతాది మేము పెద్దవాళ్ళమయ్యాకే చెప్పింది.

ఇప్పుడు మనవడి ప్రశ్నకి వస్తాను. తెలిసీ ఎందుకు చూడాలి? తెలుస్తోంది గనకనే చూడాలి.

ఇవాళ కంప్యూటర్లు చేసే బొమ్మల్లో కుట్టు కనిపించదు. ఫోనులో ఒక పెద్దమనిషి మొహం కనిపిస్తుంది, గొంతు ఆయనదే, పెదవులు కదులుతాయి; ఆయన జన్మలో ఆ మాట అని ఉండడు. ఎప్పుడో ఎక్కడో మునిగిన ఊరు చూపించి, ఇది మీ ఊరే, ఇవాళే అంటారు. జనం పరిగెడతారు. లోపల మనిషి లేడు, చెమట లేదు, జిప్పు లేదు. మన వసారాకి తలుపు బిడాయించేశారు. నమ్మాలా వద్దా అని మనల్ని ఎవరూ అడగటం లేదు. గాడ్జిల్లా మనల్ని అడుగుతాడు. "ఇదిగో నా వీపు, ఇదిగో నా తీగ, ఇష్టముంటే భయపడు" అంటాడు. మనం ఒప్పుకుంటేనే భయం. మోసానికీ ఆటకీ ఉన్న తేడా ఆ ఒప్పుకోవటమే.

కంప్యూటరు చేసినంత మాత్రాన పాపమని నేననటం లేదు. 2023లో వచ్చిన 'గాడ్జిల్లా మైనస్ వన్' దృశ్యాల మాయలు 35 మంది బృందం చేసింది. హాలీవుడ్ లెక్కలో చాలా తక్కువ డబ్బుతో. 2024లో దానికి ఆస్కార్ వచ్చింది. అందులో తీగలు కనిపించవు. అయినా అది మోసం కాదు, ఎందుకంటే మనం టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాం. టిక్కెట్టు గూడా ఒక కుట్టే. హాలు తలుపు ఒక కుట్టు. ఆ విద్యే హాలు దాటి, టిక్కెట్టు లేకుండా వీధిన పడితే అప్పుడది దొంగతనమవుతుంది.

కుట్టు మాట ఎందుకు వాడుతున్నానంటే, నా ఉద్యోగం నేర్పిన మాట అది. రేవులో బస్తా వచ్చిందంటే మేము మొదట చూసేది దాని మూతి. దబ్బనంతో పురికొస కుట్టు ఉందా, ఒకే వరసగా ఉందా, మధ్యలో కొత్త దారం పడిందా అని చూసేవాళ్ళం. కుట్టు లేకుండా నున్నగా, ముచ్చటగా ఉన్న బస్తా వస్తే సంతోషించేవాళ్ళం కాదు, పక్కన పెట్టించేవాళ్ళం. సరుకు ఎక్కడ ఎవరు మూట కట్టారో చెప్పేది కుట్టే. మాటకైనా, బొమ్మకైనా, భయానికైనా అంతేనని నా అభిప్రాయం. పిల్లలకి "ఏదీ నమ్మకండి" అని నేర్పితే వాళ్ళు ఎండిపోతారు. "అన్నీ నమ్మండి" అని నేర్పితే ఎవడో వాళ్ళని సంతలో అమ్మేస్తాడు. ముందు కుట్టు ఎక్కడుందో చూసుకుని, ఆ తర్వాత కళ్ళప్పగించి నమ్మటం నేర్పాలి. ఆ బడికి రబ్బరు రాక్షసుడిని మించిన పంతులు లేడు.

మన పెద్దవాళ్ళకి ఈ సంగతి ఏనాడో తెలుసు. అందుకే వాళ్ళు కథ మొదలుపెట్టే ముందు "అనగనగా" అనేవారు. ఇకనుంచి చెప్పేదానికి సాక్ష్యం లేదు, నీ ఇష్టమైతే ఊ కొట్టు అని ఆ మాటకి అర్థం. చివర్న "కథ కంచికి, మనం ఇంటికి" అనేవారు. రాక్షసుడు అటు వెళ్ళాడు, నువ్విటు వచ్చెయ్ అని చెప్పటమన్నమాట. బస్తాకి అటొక కుట్టూ, ఇటొక కుట్టూ. మధ్యలో ఏడు సముద్రాలవతల ఉన్న మర్రిచెట్టూ, దాని తొర్రలో చిలకా, చిలకలో మాంత్రికుడి ప్రాణమూ ఉన్నా ఎవరికీ నష్టం లేదు.

మనకి కథలు చెప్పేవాళ్ళకి ఈ రోజుల్లో కొరతేమీ లేదు. వాళ్ళలో ముందు "అనగనగా" అంటున్నవాడెవడో, అనకుండానే మొదలుపెట్టేస్తున్నవాడెవడో కాస్త చెవి పెట్టి వినండి. ఊ కొట్టటం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.